చప్పుడు రేకు

సోమవారం పొద్దున్న, ఆఫీసులో అందరూ టకటక అని పిలిచే గుమాస్తా కుర్చీలో సర్దుకుని కూర్చుని, వేళ్ళు విరుచుకుని, కీబోర్డు మీద మొదటి వాయి మొదలుపెట్టేసరికి ఎడమచేతి కింద నాలుగైదు కీలు నోరు మెదపలేదు.

అక్షరం పడింది. తెర మీద పడాల్సిన చోట నిక్షేపంలా పడింది. చప్పుడే రాలేదు. ఇంకోసారి గట్టిగా కొట్టాడు. పక్క కీ టక్కుమంది గానీ, ఇది మాత్రం నానిన చెక్క మీద వేలు పెట్టినట్టు మెత్తగా దిగి మెత్తగా పైకొచ్చింది. ఆయన గుండె జారిపోయింది.

అక్షరం పడుతూనే ఉంటే గుండె జారడం దేనికని ఎవరైనా అడగొచ్చు. ఆ ఆఫీసు సంగతి తెలియనివాళ్ళు అలాగే అడుగుతారు.

అది ఊళ్ళో కుళాయిల మీద వచ్చే ఫిర్యాదులకు జవాబులిచ్చే ఆఫీసు. నీళ్ళు రానివాళ్ళు, వచ్చినా బురద వచ్చేవాళ్ళు, అడక్కుండానే ఇంట్లోకి నీళ్ళు వచ్చేసినవాళ్ళు ఇక్కడికి రాసుకుంటారు. పొడుగాటి గది, వరసగా బల్లలు, గోడ బారునా ఇనప బీరువాలు, ఆ చివర మసక అద్దాల తలుపు. తలుపు వెనక పెద్దసారు. ఆయన బయటికి రారు. వచ్చిన కాగితాలు చదవరు. ఆయన పద్ధతి వేరు.

"కళ్ళకి గంతలు కట్టొచ్చయ్యా" అంటారాయన. "ముందు కాగితం పెట్టుకుని కూర్చున్నవాడు చదువుతున్నాడో, కునుకు తీస్తున్నాడో ఎవడికి తెలుసు? చెవిని మాత్రం ఎవడూ బురిడీ కొట్టించలేడు. పని జరుగుతుంటే వినపడుతుంది. అంతే."

అందుకని ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, చేతులు పొట్ట మీద కట్టుకుని, కళ్ళు మూసుకుని ఆఫీసును చెవులతో పర్యవేక్షిస్తుంటారు. మధ్యాహ్నం పూట ఆ పర్యవేక్షణ గురక దాకా వెళ్ళేది. గురక కూడా టకటక చప్పుడుకు తాళం తప్పకుండా నడిచేదని బయట చెప్పుకునేవారు.

ఆ కీబోర్డు చప్పుడు వల్లే మన గుమాస్తాకి టకటక అనే పేరొచ్చింది. పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టిన రోజున, అందరూ చప్పుడు చేయని పల్చటి కీబోర్డులు పుచ్చుకున్నారు. ఈయన మాత్రం పాతదాన్ని పారేసే గుట్టలోంచి లాక్కొచ్చుకున్నాడు. సాన రాయంత బరువు. ముసలి పళ్ళ రంగు తిరిగిన కీలు. కొత్త కంప్యూటరుకి దాన్ని తగిలించడానికి ఓ అతుకు వైరు కూడా సొంత ఖర్చుతో తెచ్చుకున్నాడు. "అలవాటైన వస్తువండీ" అన్నాడు అందరితో. దాని మీద వేళ్ళు ఆడిస్తుంటే రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుండేది. మొదటి రోజే పెద్దసారు తలుపు సందులోంచి తల బయటపెట్టి, "ఎవరయ్యా అది? భేష్!" అన్నారు.

ఆ భేష్ టకటకని పాడుచేసింది.

నిజానికి ఆ ఆఫీసులో కొట్టడానికి అంత రాత లేదు. జవాబులు ముందే తయారుచేసి పెట్టి ఉంటాయి. పేరు, వీధి మార్చి, వచ్చిన ఫిర్యాదుకి దగ్గరగా ఉన్న జవాబు చూసి పంపితే అయిపోతుంది. తన వాటా ముగిశాక టకటక ఒక ఖాళీ పేజీ తెరిచి, చేతికొచ్చిందల్లా కొట్టి, సాయంత్రం చెరిపేసి ఇంటికి వెళ్ళేవాడు. పాపం, ఆయన్ని సోమరి అనడానికి వీల్లేదు. సోమరి అయితే అంతసేపు కొట్టలేడు.

ఇప్పుడు సూపరింటెండెంటు రిటైరయ్యాడు. ఆ కుర్చీ ఖాళీ. అందులో ఎవర్ని కూర్చోబెట్టాలో శుక్రవారం నాడు పెద్దసారు పై ఆఫీసుకి ఫోను చేసి చెబుతారు. టకటక ఆ కుర్చీలో ఎలా ఆనుకోవాలో కూడా మనసులో అనుకుని పెట్టుకున్నాడు. ఇంట్లో భార్యతో, అత్తవారింట్లో అందరితో అయిపోయినట్టే చెప్పేశాడు. సరిగ్గా ఈ వారమే కీలు మూగబోయాయి.

పది నిమిషాలు గడవకముందే మసక అద్దాల తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా? ఇవాళ నీ పని కుంటుతోంది."

"అబ్బే, అదేం లేదండీ. కీబోర్డు కాస్త..."

"కీబోర్డు మీద నెట్టకు. పనిచేసే చెయ్యి అయితే చెక్క మీద కొట్టినా మోగుతుంది." తలుపు మూసుకుంది.

కిటికీ పక్క బల్ల దగ్గర ఒకావిడ ఉంటుంది. ఎప్పుడూ మూలన కూర్చుంటుంది గనుక మూలావిడ అంటారు. ఆవిడ కీబోర్డు కొత్తది, చప్పుడు లేనిది. అందుకని ఆవిడకి పనే లేదని పెద్దసారుకి గట్టి నమ్మకం. ఆవిడ కూడా ఆ నమ్మకాన్ని చెడగొట్టే ప్రయత్నం చేయలేదు. తన పని చకచకా ముగించుకుని, సొరుగులో నవల పెట్టుకుని చదువుకుంటుంది.

"ఏం గురువుగారూ, గొంతు పోయిందా?" అంది తల ఎత్తకుండా. "వేణ్ణీళ్ళు తాగించండి దానికి."

"మీకేమమ్మా, నవ్వులాటగా ఉంది. నాకిక్కడ ప్రాణం పోతోంది."

"అక్షరాలు పడుతున్నాయి కదా?"

"అక్షరాలు పడితే ఏం లాభం?" అన్నాడు టకటక. ఆ మాట అన్నాక అదెలా ఉందో ఆయనకి తట్టలేదు. ఆవిడకి తట్టింది. నవల పేజీ తిప్పింది.

సాయంత్రం కీబోర్డును తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. దారిలోనే బావమరిదికి కబురు పెట్టాడు. అతను గడియారాల కొట్లో పనిచేస్తాడు. సన్నటి స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, కంటికి పెట్టుకునే అద్దం, వాటన్నిటికంటే పొడవైన నాలుక ఉన్నాయి.

భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచారు. భార్య బల్ల చివర కూర తరుక్కుంటూ, "నా కూరగాయల వైపుకి మీ ముక్కలు రానివ్వకండి. రేపు పప్పులో పళ్ళకింద పడితే నన్నంటారు" అంది.

బావమరిది కీ పైనున్న టోపీ పీకాడు. దాని కింద చిన్న నల్లటి పెట్టె. రెండు పక్కలా ఉన్న చెవుల్ని పట్టకారుతో నొక్కితే పెట్టె మూత ఊడొచ్చింది. లోపల ఓ స్ప్రింగు, ఓ ప్లాస్టిక్ ముక్క, ఎదురెదురుగా రెండు రాగిరంగు రేకులు.

"చూశావా బావా, ఈ పక్క రేకు కరెంటుది. కీ దిగినప్పుడు ఇది అంటుకుంటే అక్షరం పడుతుంది. ఆ పక్క వంపు తిరిగిన రేకు ఉత్తదే. దీనికీ అక్షరానికీ చుట్టరికం లేదు. ఊరికే కొట్టుకుని టక్కుమంటుంది."

"ఉత్తది అనకురా. అదే ప్రాణం."

"సరే, నీ ప్రాణానికి నడుం వంగిపోయింది. కొట్టీ కొట్టీ వంపు చచ్చింది. పాత వంపుకి తెద్దామంటే..." అంటూ పట్టకారుతో నొక్కాడు. రేకు పుటుక్కుమని విరిగింది. "ఇదిగో, ఇలా అవుతుంది."

భార్య కూర తరగడం ఆపి తమ్ముడి వైపు చూసింది. "నువ్వు మా పెళ్ళినాటి గడియారం బాగుచేసినప్పుడు కూడా ఇదే మాట అన్నావురా. అది ఇప్పటికీ ఎప్పుడు చూసినా మధ్యాహ్నమే చూపిస్తుంది."

"ఉండక్కా. విడిభాగాలు ఇందులోనే ఉన్నాయి." కుడి పక్కన అంకెల గుంపు, పైన ఎవరూ ముట్టుకోని వరస చూపించాడు. "వీటికి వయసొచ్చింది గానీ పని తెలీదు. రేకులు పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి."

ఆ మాట నిజమే. వాడని కీల్లోంచి చప్పుడు రేకులు తీసి, మూగ కీల్లో పెట్టి, మూతలు బిగించారు. టకటక ఒక వేలితో నొక్కాడు. టక్! ఇంకోటి. టక్! అక్షరానికి అక్షరం, చప్పుడుకి చప్పుడు. పని అయిపోయింది. అక్కడితో దుప్పటి మడిచి, భోజనం చేసి పడుకుంటే ఈ కథ లేదు.

"ఇంకా రేకులు మిగిలాయిగా" అన్నాడు టకటక.

"మిగిలితే?"

"ఒకదాంట్లో రెండు పెడితే?"

బావమరిది కంటి అద్దం తీశాడు. "రెండోది పెట్టడానికి చోటేదీ? కరెంటు రేకు తీసేస్తే తప్ప దూరదు."

"తీసెయ్."

"తీస్తే అక్షరం పడదు బావా."

"ఒకటి చూద్దాంరా."

చూశారు. కరెంటు రేకును పీకేసరికి అది వంకరపోయి, మళ్ళీ పనికిరాకుండా చచ్చింది. దాని చోట ఇంకో చప్పుడు రేకును దూర్చి మూత పెట్టారు. టకటక నొక్కాడు. తలుపు గడియ పడ్డట్టు ఠక్కున మోగింది. గిన్నెలో నీళ్ళు కూడా ఒణికాయని తర్వాత బావమరిది అందరికీ చెప్పాడు. అది అతిశయోక్తి. టకటక కళ్ళల్లో నీళ్ళు తిరిగిన మాట మాత్రం నిజం.

"అన్నిటికీ పెట్టు" అన్నాడు.

"అన్నిటికా! అప్పుడిది కీబోర్డు కాదు బావా, డప్పు."

"మరి అక్షరాలో?" అంది భార్య.

"అక్షరాలెవరు చూస్తారే? శుక్రవారం దాకా ఓ నాలుగు రోజులు. కుర్చీ చేతికొచ్చాక కొత్తది తెచ్చుకుంటాను."

"కుళాయిల్లో నీళ్ళు రానివాళ్ళు చూస్తారు కదండీ. ఉత్తరం వస్తుందని వాకిట్లో కూర్చునుంటారు."

టకటక విరిగిన రేకు ముక్కల్ని అరచేత్తో ఒకచోటికి ఊడ్చాడు. తర్వాత, "నీకు ఆఫీసు సంగతులు తెలియవు" అన్నాడు. భర్తకి జవాబు దొరకనప్పుడు దొరికే జవాబు అది. ఆవిడ మళ్ళీ కూరలో పడింది.

మర్నాడు పొద్దున్న ఆయన దేవుడి పటం ముందు నిలబడి, పక్క వాటా వాళ్ళకి కూడా వినపడేలా శుక్రవారం విషయం మనవి చేసుకున్నాడు. భార్య పొయ్యి దగ్గరే నిలబడి ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది.

"అదేం దణ్ణమే? పెదవైనా కదపలేదు."

"ఆయనకి చెవుడా అండీ?"

మనలో చాలామందికి టకటక మీద నవ్వొస్తుంది. కానీ మనసులో దేవుణ్ణి ఎలా ఊహించుకున్నామని ఎవరికి వారు అడిగి చూసుకుంటే, మసక అద్దాల తలుపు వెనక చెవులు రిక్కించుకుని కూర్చున్న పెద్దసారొకరు మన లోపల కూడా ఉంటారేమో. ఆ పైవాడు ఏ పద్ధతిలో వింటాడో చెప్పడానికి నాకు అంత చదువు లేదు. గొంతు చించుకున్నవాళ్ళ పని ముందు అవుతుందని మాత్రం ఎక్కడా కనపడలేదు.

మంగళవారం ఆఫీసులో టకటక మొదటి దెబ్బ వేసేసరికి బంట్రోతు చేతిలో టీ గ్లాసు తొణికింది. రెండో వాయికి బీరువా మీద పావురం లేచిపోయింది. మసక అద్దాల వెనకనుంచి, "ఆహా! ఇదీ పనంటే!" అని వినిపించింది. ఆ ఆహా అనడంలోనే కుర్చీ వెనక్కి వాలిన కిర్రు కూడా వినిపించింది.

తెర మాత్రం తెల్లగా ఉంది. ఎంత దంచినా అక్షరం లేదు. జవాబు ఎంచుకోవచ్చు గానీ, పేరూ వీధీ కొట్టకుండా ఎవరికని పంపుతాడు? మధ్యాహ్నానికి ఫిర్యాదులు బల్ల మీద గుట్టపడ్డాయి. టకటక చేతులు ఆపకుండానే కుర్చీని కొద్ది కొద్దిగా జరుపుకుంటూ మూలావిడ వైపు వంగాడు.

"అమ్మా, ఒక చిన్న సాయం."

"గట్టిగా చెప్పండి. మీరే వినపడకుండా కొడుతున్నారు."

"నా వాటా జవాబులు ఈ నాలుగు రోజులు మీరు పంపాలి. నా కీల్లో... అక్షరాలు లేవు."

ఆవిడ లేచి వచ్చి ఆయన తెర చూసింది. కీబోర్డు చూసింది. ఎగిరెగిరి పడుతున్న ఆయన వేళ్ళు చూసింది. నవ్వు ఆపుకోవడానికి చీర చెంగు అడ్డం పెట్టుకుంది.

"అక్షరాలు తీయించేశారా! ఎంత ఖర్చయింది?"

"ఎగతాళి చేయకండమ్మా. మీ మేలు మరిచిపోను. కుర్చీ ఎక్కాక మీ నవలల జోలికి ఎవర్నీ రానివ్వను."

"చేస్తాను. నాదేం పోయింది? కానీ నా కంప్యూటరు నుంచి వెళితే కింద నా పేరే పడుతుంది. మీది పడదు. తర్వాత నన్ననొద్దు."

"పేరుదేముందమ్మా!" అన్నాడు టకటక. వేళ్ళు వాటి దారిన అవి దంచుతున్నాయి.

అలా బుధవారం, గురువారం గడిచాయి. గుట్ట తరిగింది. నీళ్ళు రానివాళ్ళకి జవాబులు వెళ్ళాయి. టకటక చేతుల మీద నరాలు ఉబ్బాయి. అన్నం కలుపుకునేటప్పుడు వేళ్ళు ముడుచుకోకపోతే భార్య తనే కలిపి పెట్టింది.

శుక్రవారం భోజనాల వేళ దాటాక మసక అద్దాల తలుపు బార్లా తెరుచుకుంది. పెద్దసారు ఫోను చేతిలో పట్టుకుని స్వయంగా హాల్లోకి వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. టకటక కూడా లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టారు.

"నువ్వు లేవకు. కొట్టు. నీ గురించి నేను చెప్పడం దేనికయ్యా? పైవాళ్ళనే విననీ!"

స్పీకరు నొక్కి, ఫోనును కీబోర్డు పక్కన పెట్టారు. అవతల పై ఆఫీసు అధికారి. "ఆ, చెప్పండి. సూపరింటెండెంటుగా ఎవర్ని అనుకున్నారు?"

"ముందు వినండి సార్!" అని పెద్దసారు టకటకకి చెయ్యి ఊపారు. టకటక కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు.

"ఏమిటండీ ఆ గోల? గోడ పడగొడుతున్నారా?"

"అదే సార్! అదే పని! ఆ పని చేసే అతని పేరు..." అని పెద్దసారు పేరు చెప్పారు. ఆ పేరు ఠకఠకల్లో కొట్టుకుపోయింది.

"ఎవరూ?"

పెద్దసారు మళ్ళీ చెప్పారు. టకటక తన పేరు తనకే వినపడక చేతులు ఆపబోయాడు. పెద్దసారు కళ్ళెర్రచేసి, ఊఁ, ఊఁ, అని ఇంకా గట్టిగా కొట్టమని సైగ చేశారు. ఆపితే పని ఆపినట్టు. కొడితే పేరు వినపడదు. ఆయన నోరు తెరిచి తన పేరు తనే అరిచాడు. అదీ అందులోనే కలిసిపోయింది. కీబోర్డులో పెట్టిన రేకులు ఎవరి మాటనీ లెక్కచేయలేదు.

"చూడండి, నాకు ఒక్క ముక్క వినపడట్లేదు" అంది ఫోను. "మీ ఆఫీసు నుంచి ఈ వారం మాకొచ్చిన జవాబుల నకళ్ళలో ఎక్కువభాగం ఒకావిడ పేరుతోనే ఉన్నాయి. అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆవిడుంటే, ఆ గోలకి దూరంగా వెళ్ళి నాతో మాట్లాడమనండి."

పెద్దసారు గది నాలుగు పక్కలా చూసి, తప్పనట్టు ఫోను తీసి మూలావిడకి అందించారు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎవరికీ వినపడనంత నెమ్మదిగా మాట్లాడింది. ఒకసారి తలూపింది. ఒకసారి టకటక వైపు చూసింది. టకటక కొడుతూనే ఉన్నాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.

ఆవిడ ఫోను తిరిగి ఇచ్చింది. "నన్నే చూసుకోమన్నారండీ."

పెద్దసారు ఆవిణ్ణి ఎగాదిగా చూశారు. "నువ్వా? నువ్వు పనిచేస్తున్నట్టు నేనెప్పుడూ వినలేదే!"

"అవునండీ" అందావిడ.

ఆయన ఏదో అనబోయి, పై ఆఫీసు మాట గనుక మింగుకుని, "అంతా చెవుడైపోయింది లోకం" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

టకటక చేతులు అప్పుడాగాయి. గది అంత నిశ్శబ్దంగా ఉండటం ఎవరూ ఎరగరు. కిటికీ బయట ఎవరో సైకిలు నడిపించుకుపోవడం వినిపించింది.

"అమ్మా" అన్నాడు టకటక. "మీరు చెప్పొచ్చుగా, నా పేరు."

"చెప్పాను గురువుగారూ. ఒట్టు. ఆ మోత చేస్తున్నది ఆయనే అన్నాను. అయితే వద్దన్నారు."

మసక అద్దాల వెనక కుర్చీ కిర్రుమంది. పెద్దసారి నీడ లేచి నిలబడింది. "ఏమిటది? పని ఆగిందేం?"

కొత్త సూపరింటెండెంటు ఖాళీ కుర్చీని తన మూలకే లాక్కుంది. సొరుగులోంచి నవల తీసి పక్కన పెట్టి, వచ్చిన ఫిర్యాదుల కట్ట విప్పింది. మొదటి కాగితం మీంచి కళ్ళు తీయకుండానే మొదటి ఉత్తర్వు జారీచేసింది.

"కొడుతూ ఉండండి. మీరు ఆపితే ఆయన బయటికొస్తారు. వస్తే నాకు పని సాగదు."

"ఏం కొట్టనమ్మా? ఇందులో ఏమీ పడదు కదా."

"అందుకే మిమ్మల్ని కొట్టమంటున్నాను."

టకటక వేళ్ళు కీల మీద పెట్టాడు. నీడ ఇంకా నిలబడే ఉంది. ఆయన నొక్కాడు. నీడ నెమ్మదిగా కిందికి వాలింది.